పదహారో మనిషి: చట్టసభల సభ్యులకు ఒక బహిరంగ లేఖ

ప్రజాస్వామ్య దేశాల చట్టసభల్లో కూర్చున్న గౌరవ సభ్యులకు,

నమస్కారం.

2013 సెప్టెంబరులో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో కొందరు మేయరు కార్యాలయానికి వెళ్లి, అక్కడి ఇనుప కటకటాలకు తమను తాము గొలుసులతో కట్టేసుకున్నారు. పేదల బస్తీల్లో మరుగుదొడ్లు శుభ్రంగా, భద్రంగా ఉండాలని అడగడానికి వచ్చినవాళ్లు వాళ్లు. చట్టం తెలియక వచ్చినవాళ్లు కారు. పదిహేను మంది దాటితేనే దాన్ని చట్టం ‘సభ’ అంటుందని, సభ అయితే ముందుగా నోటీసు ఇవ్వాలని వాళ్లకు బాగా తెలుసు. అందుకే లెక్క వేసుకుని, ఒకసారికి పదిహేను మంది చొప్పున వంతులవారీగా కూర్చోవాలని అనుకున్నారు. కానీ అలాంటి చోట జనాన్ని లెక్కపెట్టి ఆపడం ఎవరి తరం? ఇంకొందరు వచ్చి కలిశారు. పదహారో మనిషి వచ్చి నిలబడ్డాడు. అంతే, అక్కడున్నది చట్టం దృష్టిలో వేరే వస్తువైపోయింది. నోటీసు ఇవ్వకుండా సభ పెట్టారన్న నేరం కింద పదిమందిని దోషులుగా తేల్చారు. హింస జరిగిందని మాత్రం ఎవరూ అనలేదు.

ఆ కేసు కోర్టులన్నీ ఎక్కి దిగి 2018 నవంబరుకు రాజ్యాంగ న్యాయస్థానంలో తేలింది. శాంతంగా కూడిన మనుషులను నోటీసు ఇవ్వలేదన్న ఒక్క కారణంతో నేరస్థులను చేయడం రాజ్యాంగానికి విరుద్ధమని న్యాయమూర్తులు చెప్పారు. బాగుంది. కానీ మరుగుదొడ్డి అడిగినందుకు ఐదేళ్లు కోర్టు చుట్టూ తిరగాల్సి వచ్చింది.

ఈ ఉత్తరం పోలీసులకు రాయడం లేదు. వాళ్లు మీరు రాసిన అంకెను అమలు చేస్తారు. జడ్జీలకూ రాయడం లేదు. వాళ్ల వంతు వచ్చేసరికి ఐదేళ్లు గడిచిపోతాయి. ఆ పదిహేను అనే అంకె మీలాంటివాళ్లు ఒక ప్రశాంతమైన గదిలో కూర్చుని వేసింది కాబట్టి మీకు రాస్తున్నాను.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ దక్షిణాఫ్రికా చట్టం దుర్మార్గులు రాసింది కాదు. అది 1993 నాటి చట్టం. వర్ణవివక్ష పాలన పోతున్న రోజులు. అప్పటిదాకా సభ అంటేనే నిషేధం, ఊరేగింపు అంటేనే తుపాకి. 1960లో షార్ప్‌విల్‌లో 69 మంది ప్రాణాలు పోయిన దేశం అది. ఆ చరిత్రకు మందుగా, నిరసనను హక్కుగా గుర్తిస్తూ తెచ్చిన చట్టం ఇది. అంత మంచి ఉద్దేశంతో రాసిన చట్టంలోనూ ఒక మూల ఒక అంకె, ఒక జైలు శిక్ష మిగిలిపోయాయి. ఇరవై ఏళ్ల తర్వాత అవి గొలుసులు కట్టుకున్నవాళ్ల మెడకు చుట్టుకున్నాయి. మీ ఉద్దేశం మంచిదేనని మీరు నాతో వాదిస్తే నేను ఒప్పుకుంటాను. నా భయం ఆ మూలలో మిగిలిపోయేదాని గురించి.

జనాన్ని లెక్కపెట్టడం పాలకులకు చాలా పాత అలవాటు. 1819 ఆగస్టు 16న ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో ఓటు హక్కు అడగడానికి సుమారు 60 వేల మంది ఒక మైదానంలో చేరారు. గుర్రపు దళం వాళ్ల మీదికి దూకింది. పదిహేను మందికి పైగా చనిపోయారు. అప్పటి పార్లమెంటు ఏం చేసిందో తెలుసా? గుర్రాల గురించి చట్టం చేయలేదు. యాభై మందికి మించి కూడాలంటే అధికారుల అనుమతి ఉండాలని చట్టం చేసింది. బ్రిటిష్ వాళ్లు భారతదేశానికి రాసిచ్చిన శిక్షాస్మృతిలో ‘చట్టవిరుద్ధ సమావేశం’ అనడానికి ఐదుగురు చాలు (చెడు ఉద్దేశం ఉందని చూపించాలి, అది వేరే సంగతి). ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన కొత్త సంహితలోనూ ఆ ఐదు అలాగే ఉంది. యాభై, పదిహేను, ఐదు. ఎందుకు ఐదు, ఎందుకు ఆరు కాదు అని అడిగితే ఎవరి దగ్గరా జవాబు ఉండదు.

ఆ అంకెల వల్ల అసలు నష్టం కోర్టుకు చేరిన పదిమందికి జరిగినదానికంటే ఎక్కువ. చొక్కా వేసుకుని, చెప్పుల్లో కాళ్లు పెట్టి, గుమ్మం దగ్గర ఆగిపోయిన మనిషిని గుర్తు చేసుకోండి. ‘మనం వెళ్తే లెక్క దాటుతుందేమో. కేసు పెడితే ఉద్యోగం సంగతి? పాస్‌పోర్టు సంగతి?’ అని ఆలోచించి వెనక్కి వచ్చి కూర్చున్నవాడు. వాడి మీద ఎఫ్ఐఆర్ ఉండదు. వాడిని ఎవరూ కొట్టలేదు. ఏ మానవ హక్కుల నివేదికలోనూ వాడి పేరు రాదు. మీ హోం మంత్రి సభలో లేచి ‘మా హయాంలో నిరసనల మీద ఇన్నే కేసులు’ అని చెప్పే లెక్కలో వాడు కనిపించడు. పైగా వాడు రాలేదు కాబట్టే జనం తక్కువ వచ్చారని, జనం తక్కువ వచ్చారు కాబట్టి సమస్యే లేదని తేల్చేస్తారు. పదహారో మనిషి అంటే నా దృష్టిలో వీడే.

ఇక నోటీసుకూ అనుమతికీ ఉన్న తేడా దగ్గరికి వస్తాను. దీని మీదే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీ బిల్లుల్లో ఈ రెండు మాటలు ఒకదానిలోకి ఒకటి జారిపోతుంటాయి.

నోటీసు అంటే కబురు చేయడం. ‘రేపు పది గంటలకు ఈ దారిన వస్తున్నాం, ట్రాఫిక్ మళ్లించుకోండి, మాకు ఎవరైనా అడ్డుపడితే కాపాడండి’ అని చెప్పడం. అనుమతి అంటే అర్జీ పెట్టుకుని అవతలివాడి సంతకం కోసం ఎదురుచూడడం. మొదటిదాంట్లో పని పోలీసులది. రెండోదాంట్లో పని నాది. మొదటిదాంట్లో జవాబు రాకపోతే నేను ఊరేగింపు తీస్తాను. రెండోదాంట్లో జవాబు రాకపోతే ఇంట్లో కూర్చుంటాను. సరిగ్గా అందుకే జవాబు రాదు. కాదని రాసి ఇస్తే కోర్టుకు వెళ్తారు. ఏమీ రాయకుండా ముందు రోజు సాయంత్రం దాకా ఫైలు నానబెడితే చాలు. దరఖాస్తు పట్టుకుని స్టేషన్‌కీ ఆఫీసుకీ మధ్య తిరిగినవాళ్లకు ఇది నేను చెప్పక్కర్లేదు.

పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక 1966 నాటిది. అందులో 21వ అధికరణం శాంతియుత సభల గురించి. దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 2020 జూలైలో వివరంగా రాసి పెట్టింది. సభకు అనుమతి అడగాల్సి రావడం హక్కు అనే భావననే దెబ్బతీస్తుందని అందులో ఉంది. నోటీసు ఇవ్వనంత మాత్రాన సభ చట్టవిరుద్ధం కాదని, ఆ ఒక్క కారణంతో జనాన్ని చెదరగొట్టకూడదని కూడా ఉంది. మీలో చాలామంది ప్రభుత్వాలు ఆ ఒడంబడిక మీద సంతకం పెట్టినవే.

జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం అంతకు చాలా ముందే, 1985లో, బ్రోక్‌డార్ఫ్ అణు విద్యుత్ కేంద్రం మీద జరిగిన నిరసనల కేసులో ఈ ముడి విప్పింది. అప్పటికప్పుడు పుట్టిన నిరసనకు ముందస్తు నోటీసు నియమం వర్తించదని చెప్పింది. గుంపులో కొందరు రాళ్లు వేస్తారేమోనన్న అనుమానంతో శాంతంగా వచ్చిన వేలమంది హక్కును తీసేయలేమని కూడా చెప్పింది. హంగరీలో 2002లో ఇంకా విచిత్రమైన సంగతి జరిగింది. ప్రధాని ఒక విందుకు వెళ్తున్నారని ముందు రోజే ప్రకటించారు. దాన్ని వ్యతిరేకించేవాళ్లు నిరసన తెలపాలంటే 72 గంటల ముందు పోలీసులకు చెప్పాలన్నది చట్టం. విందు గురించి తెలిసిందే 24 గంటల ముందు. వచ్చినవాళ్లను పోలీసులు చెదరగొట్టారు. 2007లో యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం ఆ పని తప్పని తేల్చింది.

భారత రాజ్యాంగం 19వ అధికరణం ‘శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా’ సమావేశమయ్యే హక్కు ఇచ్చింది. అహ్మదాబాద్‌లో వీధుల్లో సభకు పోలీసు అధికారి అనుమతి కావాలన్న నిబంధన 1972లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. సభలను క్రమబద్ధం చేయవచ్చు గానీ, ఎప్పుడు ఇవ్వాలో ఎప్పుడు కాదనాలో ఏ మార్గదర్శకమూ లేకుండా అంతా అధికారి ఇష్టానికి వదిలేయడం చెల్లదని రాజ్యాంగ ధర్మాసనం కొట్టేసింది. ఆ తీర్పుకు యాభై ఏళ్లు దాటింది. ఇప్పుడు వస్తున్న ఉత్తర్వులు చదివితే ఆ తీర్పు వేరే గ్రహం మీద వచ్చిందేమో అనిపిస్తుంది.

రెండో సంగతి మీ పదాలు. ‘అసౌకర్యం’, ‘చికాకు’, ‘తీవ్ర అంతరాయం’, ‘ప్రజాశాంతి’. బిల్లులో ఇవి చూడగానే పెన్ను తీసి కింద గీత గీయండి.

భారతదేశపు ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్ చికాకు కలిగించే సందేశానికి మూడేళ్ల దాకా జైలు అంది. చికాకు! ఒక బంద్ గురించి ఫేస్‌బుక్‌లో రాసినందుకు, దాన్ని లైక్ చేసినందుకు 2012లో ఇద్దరు అమ్మాయిలను అరెస్టు చేశారు. 2015 మార్చిలో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను పూర్తిగా కొట్టేసింది. అయినా ఆ తర్వాత ఏళ్ల తరబడి స్టేషన్లలో ఆ సెక్షన్ కింద కేసులు పెడుతూనే వచ్చారు. 2021లో ఆ సంగతి విని కోర్టే ఆశ్చర్యపోయింది. మీరు రాసిన పదం కోర్టు చంపినా చావదన్నమాట. రాసేటప్పుడు గుర్తుంచుకోండి.

బ్రిటన్‌లో 2023 మే నెలలో కొత్త పబ్లిక్ ఆర్డర్ చట్టం వచ్చింది. దేనికైనా తమను తాము కట్టేసుకోవడం, అందుకు పనికొచ్చే సామాను దగ్గర ఉంచుకోవడం నేరాలయ్యాయి. చట్టం వచ్చిన కొద్ది రోజులకే రాజు పట్టాభిషేకం. రాచరికం వద్దనే రిపబ్లిక్ సంస్థ వాళ్లు నెలల తరబడి పోలీసులతో మాట్లాడుకుని, చోటు ఖాయం చేసుకుని, ప్లకార్డులు దించుతుంటే పట్టుకుపోయారు. కారణం? ప్లకార్డులు కట్టిన సామాను పట్టీలు. వాటితో ఎక్కడైనా కట్టేసుకుంటారేమో అని. పట్టాభిషేకం అయిపోయాక వదిలేసి, తర్వాత విచారం వ్యక్తం చేశారు. ఇక్కడ జరిగిన మతలబు చూడండి. కేసు నిలబడలేదు, శిక్ష పడలేదు. కానీ ఆ రోజు నిరసన తెలపాల్సిన మనుషులు ఆ రోజంతా లోపల ఉన్నారు. ముందస్తు అరెస్టులు, హౌస్ అరెస్టులు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. ఊరేగింపు ముగిసిన సాయంత్రం తాళం తీసి ‘మీ మీద ఏమీ లేదు, వెళ్లండి’ అంటారు.

అదే ఏడాది ఆ దేశపు ప్రభుత్వం ‘తీవ్ర అంతరాయం’ అంటే ‘చిన్నదాని కంటే ఎక్కువైన’ ఏ అంతరాయమైనా అని ఒక నిబంధన తెచ్చింది. తీవ్రం అన్న మాటకు అర్థం చిన్నదాని కంటే కాస్త పెద్దదట! పార్లమెంటులో ఒకసారి ఒప్పుకోని దాన్నే మంత్రి అధికారంతో వెనక తలుపు నుంచి తెచ్చారు. 2024 మేలో హైకోర్టు దాన్ని కొట్టేసింది. జూలైలో ఎన్నికలు జరిగి ప్రభుత్వం మారింది. కొత్తగా వచ్చిన పార్టీ, ప్రతిపక్షంలో ఉన్నప్పుడు 2023 చట్టాన్ని వ్యతిరేకించిన పార్టీ, ఏం చేసిందంటే పాత ప్రభుత్వం వేసిన అప్పీలును కొనసాగించింది. 2025 మేలో ఓడిపోయింది కూడా. ఏ పార్టీ వాళ్లో చూసి చదవడం మానేసి మళ్లీ ఒకసారి చదవండి ఈ పేరా.

ఇప్పుడు మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. ‘మరి అంబులెన్స్ సంగతి?’

ఇది తోసేయాల్సిన ప్రశ్న కాదు. నేను కూడా ట్రాఫిక్‌లో గంటన్నర ఇరుక్కుని, ముందు వెళ్తున్న ఊరేగింపును మనసులో తిట్టుకున్నాను. వాళ్ల డిమాండుతో ఏకీభవిస్తూనే తిట్టుకున్నాను. రాస్తారోకో చేస్తే ముందు పోయేది మంత్రిగారి సమయం కాదు, రోజు కూలికి పోయేవాడి సమయం. లిథువేనియాలో 2003లో పాల ధర కోసం రైతులు రెండు రోజులు హైవేలను ట్రాక్టర్లతో మూసేశారు. వాళ్లలో కొందరికి పడిన శిక్షను 2015లో యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం తప్పు పట్టలేదు. అనుమతించిన చోట నిరసన తెలుపుతూనే ఉద్దేశపూర్వకంగా దేశాన్ని ఆపేశారు కాబట్టి. నాకు ఆ తీర్పుతో పెద్ద పేచీ లేదు. ఆ శిక్ష కూడా అమలు నిలిపివేసిన 60 రోజులే.

కానీ అంబులెన్స్ కథ ఇంకొకటి ఉంది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 2022లో రోడ్లు, రేవులు అడ్డగించేవాళ్లకు రెండేళ్ల దాకా జైలు, 22 వేల డాలర్ల దాకా జరిమానా అని చట్టం చేశారు. సిడ్నీ హార్బర్ వంతెన మీద ఒక వరుసను కొంతసేపు ఆపిన పర్యావరణ కార్యకర్తకు 15 నెలల శిక్ష పడింది. ఆమె వల్ల సైరన్ వేసుకుని వెళ్తున్న అంబులెన్స్ ఆగిపోయిందని పోలీసులు కోర్టుకు రాసిచ్చారు. 2023 మార్చిలో అప్పీలు వచ్చేసరికి అసలు అంబులెన్సేదీ ఆగలేదని తేలింది. జైలు శిక్ష రద్దయింది. అందుకే ఈసారి సభలో ఎవరైనా అంబులెన్స్ పేరెత్తితే ఏ తేదీ, ఏ రోడ్డు, ఏ ఆసుపత్రికి అని అడగండి. నిజంగా ఆగి ఉంటే ఆపినవాళ్లను శిక్షించడానికి మీ దగ్గర ఇప్పటికే చట్టాలున్నాయి. దానికోసం పేవ్‌మెంట్ మీద ప్లకార్డు పట్టుకుని నిలబడినవాడికి కూడా వర్తించే కొత్త చట్టం ఎందుకు?

శిక్షల తూకం కూడా పోతోంది. లండన్ చుట్టూ ఉన్న హైవేను అడ్డుకోవాలని జూమ్ కాల్‌లో పథకం వేసినందుకు 2024 జూలైలో ఐదుగురికి జైలు వేశారు. నలుగురికి నాలుగేళ్లు, ఒకరికైతే ఐదేళ్లు. అప్పీలులో కొంత తగ్గాయి. వాళ్ల పద్ధతి నాకు నచ్చదు. వాళ్లు అన్న రోజున ఆ దారిలో నేనుంటే ఇంకా నచ్చేది కాదు. అయినా చేయి ఎత్తని నేరానికి అన్నేళ్లా?

శిక్ష పడకుండా శిక్షించే పద్ధతులు ఇంకా ఉన్నాయి. డబ్బున్నవాడి చేతిలో అది పరువునష్టం దావా. మాల్టా జర్నలిస్టు డాఫ్నీ కారువానా గలీజియా 2017 అక్టోబరు 16న కారు బాంబుకు బలయ్యేనాటికి ఆమె మీద 40కి పైగా పరువునష్టం కేసులు నడుస్తున్నాయి. ఆమె పోయాక కొన్ని కేసులు ఆమె కుటుంబం మీదికి వెళ్లాయి. యూరోపియన్ యూనియన్ 2024లో ఇలాంటి బెదిరింపు దావాలకు అడ్డుకట్ట వేసే నిర్దేశం తెచ్చింది. అమెరికాలో ఈ ముడి 1964లోనే వీడింది. నల్లజాతివారి పౌరహక్కుల ఉద్యమానికి చందాలు అడుగుతూ ఒక పత్రికలో వేసిన ప్రకటనలో చిన్న చిన్న తప్పులున్నాయని అలబామా అధికారి ఒకరు దావా వేసి, 5 లక్షల డాలర్లు గెలుచుకున్నారు. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, ప్రభుత్వ పదవిలో ఉన్నవాడు పరువు పోయిందనాలంటే అవతలివాడు అబద్ధమని తెలిసి రాశాడనో, నిజమా కాదా అన్న పట్టింపే లేకుండా రాశాడనో రుజువు చేయాలంది. మీ మీద రోజూ రాస్తుంటారు కాబట్టి ఈ సూత్రం మీకు కాస్త చేదుగానే ఉంటుంది.

ప్రభుత్వం చేతిలో అదే ఆయుధం బ్యాంకు ఖాతా. 2022 ఫిబ్రవరిలో కెనడా ప్రభుత్వం ఒట్టావాలో ట్రక్కుల నిరసనను ఆపడానికి అత్యవసర చట్టాన్ని వాడి, కోర్టు ఉత్తర్వు లేకుండానే 200కు పైగా ఖాతాలు స్తంభింపజేసింది. ఆ ట్రక్కులవాళ్ల మాట నాకు గిట్టదు. టీకాల మీద వాళ్ల వాదన తప్పని నా నమ్మకం. రోజుల తరబడి రాత్రిళ్లు కూడా హారన్లు మోగించి ఊరివాళ్లను నిద్ర పోనివ్వలేదు కూడా. లారీలు తొలగించడానికి మామూలు చట్టాలు వాడి ఉంటే నేనేమీ అనేవాణ్ణి కాదు. కానీ నిరసనకు వచ్చినవాడు ఇంటికి వెళ్లి సరుకులు కొనబోతే కార్డు పనిచేయకపోవడం వేరే విషయం. 2024 జనవరిలో అక్కడి ఫెడరల్ కోర్టు ఆ నిర్ణయం సహేతుకం కాదని, హక్కుల పత్రాన్ని అతిక్రమించిందని తీర్పిచ్చింది. నాకు గిట్టని మనుషుల తరఫున రాస్తుంటే కాస్త ఇబ్బందిగానే ఉంది. మీరు ఓటు వేసేటప్పుడు ఆ ఇబ్బంది మీకు కూడా కలగాలి.

మాటకు హద్దే వద్దని నేను అనడం లేదు. ఫలానా కులం వాళ్ల ఇళ్లు తగలబెట్టండి అని గుంపును ఉసిగొల్పడం అభిప్రాయం కాదు. అమెరికా సుప్రీంకోర్టు 1969లో గీసిన గీత నాకు సమంజసంగా అనిపిస్తుంది. అప్పటికప్పుడు చట్టవిరుద్ధమైన పని చేయించాలన్న ఉద్దేశంతో, అది జరిగేలా ఉన్నప్పుడు చేసే రెచ్చగొట్టే ప్రసంగాన్నే శిక్షించవచ్చని. యూరప్ న్యాయస్థానం 1976లో ఇంకో వైపు నుంచి చెప్పింది, మనసు నొప్పించే, దిగ్భ్రాంతి కలిగించే, కలవరపెట్టే మాటలకూ రక్షణ ఉంటుందని. ఈ రెండిటి మధ్య దేశదేశానికీ తేడాలుంటాయి. ఉండనివ్వండి. ‘మనోభావాలు దెబ్బతిన్నాయి’ అన్న ఒక్క ఫిర్యాదుతో రాత్రికి రాత్రి మనిషిని ఎత్తుకుపోయే చట్టం మాత్రం ఈ రెండిటిలో దేనికీ దగ్గరది కాదు.

ఇక కొత్త భయం మొహం. స్పెయిన్ 2015లో నిరసనల మీద 6 లక్షల యూరోల దాకా జరిమానాలు వేసే చట్టం తెచ్చినప్పుడు, ఆ ఏప్రిల్‌లో మాడ్రిడ్‌లో పార్లమెంటు ముందు మనుషులకు బదులు వాళ్ల హోలోగ్రామ్‌లు ఊరేగాయి. వెలుగు బొమ్మలకు జరిమానా వేయలేరు కదా అని. అప్పుడు నవ్వుకున్నాం. పదేళ్లకు హంగరీ 2025 మార్చిలో స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్లు తమ హక్కుల కోసం తీసే ప్రైడ్ ఊరేగింపును నిషేధించే చట్టం చేసి, వచ్చినవాళ్లను కెమెరాలతో మొహం గుర్తుపట్టి జరిమానా వేయవచ్చని అందులో రాసుకుంది. ఇక్కడ పదహారో మనిషి గుమ్మం దగ్గర నిలబడి ఆలోచించేది ఒక్క రోజు గురించి కాదు, తన మొహం ఏ డేటాబేస్‌లో ఎన్నేళ్లుంటుందో అని. జూన్ 28న బుడాపెస్ట్‌లో లక్ష మందికి పైగా వచ్చారు. పాల్గొన్నవాళ్ల మీద చర్య ఉండదని తర్వాత పోలీసులు చెప్పారు. ప్రతిసారీ లక్ష మంది రారు. పదిమందే వచ్చే నిరసనలే ఎక్కువ, కెమెరా పనిచేసేది అక్కడే.

కాబట్టి నేను అడిగేది పెద్ద పట్టిక కాదు. మీ దేశపు చట్టంలో నోటీసు ఇవ్వకపోవడం నేరమని ఉంటే దాన్ని తీసేయడానికి ఒక సవరణ పెట్టండి. అనుమతి అన్న మాట ఉంటే దాన్ని నోటీసు చేయండి. కాదనేవాడు కారణం రాసి, ఊరేగింపుకు ముందే కోర్టుకు వెళ్లేంత సమయం ఉండగా ఇచ్చేలా చూడండి. ఈ మూడూ ఒక్క పేజీలో పడతాయి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

ఇదంతా వీధిలో ఉన్నవాళ్ల బాధ, మాకేంటి అని మీలో ఎవరికైనా అనిపిస్తే 2024 డిసెంబరు 3 రాత్రి దక్షిణ కొరియాలో ఏం జరిగిందో చూడండి. పదిన్నర ప్రాంతంలో అధ్యక్షుడు టీవీలో కనిపించి సైనిక శాసనం ప్రకటించారు. దాని వెంట వచ్చిన మొదటి ఉత్తర్వు జాతీయ సభ పనినీ, పార్టీల పనినీ, సభలనూ ఊరేగింపులనూ ఒకే వాక్యంలో నిషేధించింది. అంటే మీ సభ, మా సభ రెండూ. సైనికులు పార్లమెంటుకు వచ్చారు. గేట్లు మూసేస్తే సభ్యులు, సభాపతితో సహా, గోడలు దూకి లోపలికి వెళ్లారు. బయట చలిలో వేలమంది జనం చేరి సైనికుల వాహనాలకు అడ్డంగా నిలబడ్డారు. లోపల 190 మంది సభ్యులు అర్ధరాత్రి ఒంటి గంట ప్రాంతంలో ఏకగ్రీవంగా ఆ శాసనాన్ని ఎత్తేయాలని తీర్మానించారు. మీలాంటివాళ్లు ఆ ఓటు వేయగలిగింది బయట ఆ జనం నిలబడ్డారు కాబట్టి కూడా.

ఆ దేశంలో పార్లమెంటు ప్రహరీకి వంద మీటర్ల లోపు సభలు జరపకూడదన్న నియమం చాలాకాలంగా ఉంది. 2018లో రాజ్యాంగ న్యాయస్థానం తప్పు పట్టాక కొన్ని మినహాయింపులు ఇచ్చారు, నియమం మాత్రం ఉంది. ఊరేగింపు తీయాలంటే కనీసం 48 గంటల ముందు పోలీసులకు తెలపాలని కూడా ఉంది. ఆ లెక్కన, డిసెంబరు 3 రాత్రి గేటు దగ్గర నిలబడినవాళ్లు నోటీసు ఇవ్వాల్సింది డిసెంబరు 1 రాత్రి.

ఇట్లు,
ఒక ఓటరు